సహాయవాణిలో ఉద్యోగం: కళ్యాణదుర్గం తండ్రిగారికి సమాధానం

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది అనంతపురంలో బీఏ పూర్తి చేస్తోంది. కష్టంలో ఉన్నవారికి ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పి, అక్కడికి చేర్చే ఉద్యోగం చేస్తానంటోంది. బంధువులు "ఫోను ఎత్తి నంబరు చెప్పడానికి ఇంత చదువెందుకు?" అంటున్నారు. ఒప్పుకోమంటారా?

సమాధానం: అయ్యా, ఒప్పుకోమనే నా సలహా. అయితే ఆ పనిలో ఏముందో, ఏది లేదో తెలుసుకొని ఒప్పుకోండి. అమెరికాలో దీనికోసం 211 అనే ప్రత్యేక నంబరే ఉంది. అది 1997లో అట్లాంటాలో మొదలైంది. మన దగ్గర ఇదే పని మహిళలకు 181, పిల్లలకు 1098, వృద్ధులకు 14567, మనోవేదనలో ఉన్నవారికి 14416, ఉచిత న్యాయ సహాయానికి 15100 అనే సహాయవాణులలోనూ, హింసకు గురైన మహిళలకు అండగా నిలిచే సఖి కేంద్రాలలోనూ, స్వచ్ఛంద సంస్థలలోనూ వేర్వేరు పేర్లతో సాగుతోంది.

నంబరు చెప్పడం ఇందులో చివరి మెట్టు మాత్రమే. ఒక పెద్దావిడ వచ్చి "నా పింఛను అందడం లేదు" అంటుంది. ఏళ్ల తరబడి వేరుశనగ చెట్లు పీకి వేలిముద్రలు అరిగిపోయి యంత్రం ఒప్పుకోవడం లేదా, ఆధార్‌లో వయసు తప్పుగా పడిందా, లేక డబ్బు వస్తున్నా కొడుకు తీసుకొని అన్నం పెట్టడం లేదా అన్నది ఆవిడ మొదటి మాటలో ఉండదు. మొదటిదానికి గ్రామ సచివాలయం, రెండోదానికి ఆధార్ కేంద్రం, మూడోదానికి 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్. తొందరపడి మొదటి మాటకే జవాబు చెప్పేస్తే, కొడుకు సంగతి ఆవిడ ఇక ఎవరికీ చెప్పుకోకపోవచ్చు.

చిరునామాల పట్టికను సరిగా ఉంచుకోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి కదిరి, హిందూపురం వంటి ఊళ్లు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. పాత పట్టిక చూసి కదిరి మనిషిని అనంతపురం కలెక్టరేటుకు పంపితే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ పోతాయి; రెండోసారి ఆ మనిషి రాడు. అందుకే పంపించాక "పని అయిందా?" అని తిరిగి కనుక్కునేవారే నిజంగా ఈ పని చేసినట్టు.

విన్నది బయటపెట్టకూడదు. కానీ పిల్లలపై లైంగిక దాడి సంగతి తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో శిక్షణలోనే నేర్చుకోవాలి. రోజంతా ఇతరుల దుఃఖం విని ఇంటికి వచ్చిన పిల్లను "ఏం పని చేశావని అలసట?" అని మాత్రం అడగవద్దని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను.

జీతం విషయం దాచను. సఖి కేంద్రాలు, సహాయవాణులలో ఎక్కువ పోస్టులు కాంట్రాక్టు పద్ధతిలోనివే, మొదట్లో జీతాలు తక్కువే, రాత్రి షిఫ్టులూ ఉంటాయి. అందువల్ల బీఏతో ఆపకుండా రెండేళ్ల ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేయించండి. తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు ఉంది. ఆ చదువు ఉంటే స్వచ్ఛంద సంస్థలలోనూ, పిల్లల సంరక్షణ విభాగాలలోనూ దారి ఉంటుంది. 1969 నుంచి అనంతపురంలో పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వంటి సంస్థ దగ్గరలోనే ఉండటం మీ అమ్మాయికి కలిసివచ్చే విషయం. మీది సరిహద్దు ప్రాంతం కనుక కన్నడం వస్తే వదులుకోవద్దు. ఉర్దూలో నాలుగు మాటలు వచ్చినా పనికొస్తాయి.

ఎంఎస్‌డబ్ల్యూ ప్రవేశ పరీక్షకు ముందు ఒక పని చేయించండి. కలెక్టరేటులో అర్జీలు తీసుకునే ఒక సోమవారం అమ్మాయిని అక్కడికి పంపండి. వికలాంగుల ధ్రువపత్రం కావాలంటే ఏ కాగితాలు, ఏ రోజు, ఏ ఆసుపత్రి, ఎవరిని అడగాలి అన్నది వచ్చినవారి నోటనే విని ఒక నోటు పుస్తకంలో రాసుకోమనండి. నాలుగు వారాలయ్యాక కూడా ఆ పుస్తకంలో తప్పులు దిద్దుకుంటూ ఉంటే, దరఖాస్తు నింపించండి.