పలకరించని పొరుగువారు

ప్రశ్న: మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. మావారి ఉద్యోగం వల్ల ఫిన్లాండ్‌లోని టాంపెరేకు వచ్చాం. మెట్ల మీద నా అలికిడి వినగానే పక్కింటావిడ తలుపు తీయబోయి ఆగిపోతుంది. మేమంటే గిట్టదేమోనని మనసు చివుక్కుమంటోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

జవాబు: గిట్టక కాదమ్మా. ఎదుటివారి ఏకాంతానికి అడ్డు రాకపోవడాన్నే అక్కడివారు మర్యాదగా భావిస్తారు కనుక, మీరు దిగి వెళ్లేదాకా ఆమె ఆగుతూ ఉండవచ్చు. మీ భవనంలో ఉమ్మడిగా బట్టలుతికే గది ఉంటే, పట్టికలో మీరు రాసుకున్న వేళ దాటకుండా పని ముగించి, ఆరబెట్టే యంత్రం జల్లెడలో చిక్కుకున్న నూగు తీసి, నేల తుడిచి రండి. వంద పలకరింపులు తేలేని మంచిపేరు దానితో వస్తుంది. చాలా భవనాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నిశ్శబ్ద వేళ కాబట్టి, ఆ సమయంలో మిక్సీ వేయకండి.

వసంతంలో ఆవరణ శుభ్రం చేయడానికి ఇరుగుపొరుగంతా కలిసే ‘తల్కోత్’ అనే శ్రమదానం జరిగితే మాత్రం తప్పక వెళ్లండి. చేతిలో చీపురున్నప్పుడు వాళ్లకూ మాట సులువుగా వస్తుంది; పని అయ్యాక కాఫీతోపాటు మీరు చేసిన నాలుగు ఓళిగలు పెడితే ఎవరూ కాదనరు. ఫిన్నిష్ నేర్చుకోవడానికి తక్కువ ఫీజుతో నడిచే వయోజన విద్యాలయాలు ఉన్నాయి, చేరండి.

డిసెంబరులో అక్కడ పగలు ఆరు గంటలైనా ఉండదు. మీ దిగులులో కొంత ఆ చీకటిదే కావచ్చు. విటమిన్ డి గురించి డాక్టరును అడగండి.