డల్లాస్‌లో తద్దినం ఏ రోజు?

ప్రశ్న: మావారి ఆబ్దికం శ్రావణ బహుళ పంచమి. మా పంచాంగంలో మంగళవారం అని ఉంది. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఫోన్ యాప్‌లో సోమవారం చూపిస్తోందట. వాడు మన పురోహితుడి చేత వీడియో కాల్‌లో చేయించుకుంటానంటున్నాడు. కోడలేమో డబ్బు కడితే గయలో ఎవరో చేసి వీడియో పంపుతారంటోంది. ఏది చెల్లుతుంది?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, యాప్ తప్పు చెప్పిందని అప్పుడే అనుకోకండి. చంద్రుడు సూర్యుణ్ణి దాటి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. అది ప్రపంచమంతా ఒకే క్షణాన మారుతుంది, గడియారాలే వేరు. పంచమి మీకు మంగళవారం తెల్లవారుజామున 1 గంటకు వచ్చి ఆ రాత్రి 12కు పోయిందనుకోండి. అబ్బాయికి అది సోమవారం మధ్యాహ్నం 2.30కు వచ్చి మంగళవారం మధ్యాహ్నం 1.30కే పోతుంది. తద్దినానికి చూడాల్సింది అపరాహ్ణం, అంటే పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది. ఆ రోజుల్లో డల్లాస్‌లో అది సుమారు మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 5.30 దాకా. కాబట్టి మీకు మంగళవారం, అతనికి సోమవారం. ఎక్కడ చేస్తే అక్కడి లెక్కే. యాప్‌లో ఊరు డల్లాస్ అని పెట్టాడో లేదో మాత్రం అడగండి. చాలామంది హైదరాబాద్ అనే వదిలేస్తారు. ఇంకో చిక్కు: పాత గ్రంథం సూర్యసిద్ధాంతం ప్రకారం వేసే గణితానికీ, ఆకాశంలో కనిపించేదానికి సరిపోయేలా వేసే దృక్ గణితానికీ తిథి వేళల్లో గంటల తేడా రావచ్చు. మీ ఇంట్లో ఏది పాటిస్తున్నారో అబ్బాయీ అదే పాటించాలి.

వీడియో కాల్‌కు నాకు అభ్యంతరం లేదు. పురోహితుడు చెప్పించేవాడు. నువ్వులూ నీళ్లూ వదిలేది, పిండం పెట్టేది కొడుకు చేయి. రికార్డింగ్ పెట్టుకుని చేస్తానంటే మాత్రం ఒప్పుకోను. జంధ్యం కుడి భుజం మీదికి మార్చావా, దర్భ ఎటు పెట్టావని అడిగేవాడు అందులో ఉండడు.

గయ ప్యాకేజీ సంగతి. ఒంట్లో బాగోలేనివాడు ఇంకొకరికి అధికారమిచ్చి చేయించుకోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కొడుకు తండ్రి తద్దినాన్ని ఫుడ్ ఆర్డర్‌లా పెడతానంటే, యాప్‌ను ఏమనను గానీ, అబ్బాయిని అంటాను. పైగా ఆ వీడియోలో పలికింది మీ గోత్రమో కాదో ఎవరు చూడొచ్చారు?

ఒక్కటి మరిచారు. డల్లాస్‌లో మధ్యాహ్నం 3 అంటే మీ పురోహితుడికి అర్ధరాత్రి దాటి 1.30. ఆయన్ను ముందే అడగండి, సంభావన కూడా ఆ మాత్రం చూసి ఇవ్వండి. లేదంటే డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో తెలుగు పురోహితులు ఉన్నారు, ఇంటికే వస్తారు.