సాయికి, డిప్లొమా గురించీ సంతకం గురించీ

సాయీ,

డిప్లొమా ఆపేసి ఎయిర్‌ఫోర్స్‌కి వెళ్తానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. మన ఇంట్లో మళ్లీ ఒకడు విమానం కింద పానా పట్టుకుంటాడంటే ఛాతీ ఉప్పొంగింది. ఆ 'ఆపేసి' అన్న మాటకే రాత్రి నిద్ర పట్టలేదు.

ఒరే, పది అవగానే పాలిటెక్నిక్‌లో చేరావు, నీకు ఇంటర్ లేదు. అగ్నివీర్ వాయు, అంటే ఎయిర్‌ఫోర్స్‌లో నాలుగేళ్ల కొలువు, దాంట్లో సైన్స్ వైపు రావాలంటే లెక్కలు, ఫిజిక్స్‌తో ఇంటరో, మూడేళ్ల డిప్లొమానో 50 శాతంతో పూర్తవ్వాలి. ఇంగ్లీషులోనూ 50 రావాలి. ఇప్పుడు మానేస్తే రెంటికీ చెడతావు. 21 ఏళ్ల దాకా గడువుంది, తొందరేంటి?

పరీక్షలో తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. 1.6 కిలోమీటర్లు 7 నిమిషాల్లో పరిగెత్తాలి. బీచ్ రోడ్డు మీద సాధన చెయ్యి, ఇసుకలో వద్దు.

సర్వీసు నాలుగేళ్లు. మొదటి ఏడు నెలకి 30 వేలు, సర్వీసు చివర ఇచ్చే సేవా నిధికి పోను చేతికొచ్చేది 21 వేలు. ఇప్పటి నిబంధన ప్రకారం పాతిక శాతానికి మించి ఉంచుకోరు, మిగతావాళ్లకి పెన్షన్ లేదు. ఉంచుకుంటే కార్పొరల్, సార్జెంట్, ఆపై వారంట్ ఆఫీసర్ దాకా మెట్లున్నాయి. ట్రేడ్, అంటే నువ్వు చెయ్యాల్సిన పని, వాళ్లే ఇస్తారు, ఇంజిన్ పనే కావాలని పట్టుబట్టకు. డిప్లొమా అయ్యాక ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ చేసే దారీ ఉంది.

నా భయం వేరే. నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నప్పుడు మా హ్యాంగర్‌లో, అదే విమానాలు బాగుచేసే షెడ్డులో, ఒక కుర్రాడుండేవాడు, మా అందరికన్నా పనిమంతుడు. ఒక సాయంత్రం పరికరాలు లెక్కపెడితే స్క్రూడ్రైవర్ ఒకటి తగ్గింది. చెబితే ఆ రాత్రి ఫ్లయింగ్ ఆగుతుంది, అందరి ముందూ తిట్లు తినాలి. పక్క కిట్‌లోంచి అలాంటిదే తెచ్చి పెట్టి, లెక్క సరిపోయిందని సంతకం చేశాడు. విమానం ఎగిరింది, దిగింది. తెల్లారాక పక్క కిట్‌లో తగ్గిందని తెలిసి విమానం మీది మూతలు, అదే ప్యానెళ్లు, అన్నీ విప్పారు. విమానాన్ని తిప్పే కంట్రోల్ రాడ్ల పక్కన దొరికింది. గాల్లో అది కాస్త జరిగి ఇరుక్కుని ఉంటే పైలట్ చేతిలో స్టిక్ కదిలేది కాదు. ఆ పిల్లాడు ఏడుస్తూ ఒకే మాట అన్నాడు, "తిడతారని భయపడ్డాను సార్." వాడికి శిక్ష పడింది, ప్రమోషన్ వెనకబడింది. ముందే చెప్పుంటే ఒక రాత్రి ఫ్లయింగ్ ఆగేది, అంతే. బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన టీయూ-142 విమానం దగ్గరికెళ్లి చూడు, ఒక విమానానికి ఎన్ని ప్యానెళ్లుంటాయో. వాటి వెనక ఏముందో పైలట్‌కి కనపడదు. నీ సంతకం నమ్మి ఎక్కుతాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మూడో సెమిస్టర్‌లో సబ్జెక్టు పోయినా నెలల తరబడి ఇంట్లో చెప్పలేదు నువ్వు. చదువు ఆపేస్తాననడం కూడా దాని భయమేనా నాన్నా? అయితే చెప్పెయ్. సప్లిమెంటరీ రాద్దువు గాని, లెక్కలు నేను దగ్గర కూర్చోబెట్టి చెప్తాను.

ఆదివారం గాజువాక వచ్చెయ్, పెద్దమ్మ నీకోసం చూస్తోంది. మెమోలన్నీ తీసుకురా, పోయిన సబ్జెక్టుది కూడా. తిట్టను.

మీ పెదనాన్న