అడిగారు కాబట్టి చెబుతున్నా

ప్రశ్న: రెండేళ్ల కిందట మా ఎదురింటి వదినగారు నా దగ్గర ఒక నవల తీసుకెళ్లారు, ఇంతవరకూ ఇవ్వలేదు. రోజూ పలకరిస్తారు, పండక్కి అరిసెలు పంపిస్తారు. పుస్తకం మాట ఎత్తాలంటే నాకే మొహమాటం. ఎలా అడగాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ‘పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః’ అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మధ్యలో వనితను ఎందుకు ఇరికించాడో ఆ మహానుభావుడు, అది వేరే గొడవ. ఆ శ్లోకానికి రెండో సగం కూడా ఉంది, అది ఎవరూ చెప్పరు. ఒకవేళ తిరిగొచ్చినా పుస్తకం చిరిగి, జీర్ణమైపోయి వస్తుందట! కాబట్టి ముందు దానికి మనసు గట్టి చేసుకోండి.

ఇక అడగడం. "నా పుస్తకం ఇవ్వలేదు" అనకండి, అందులో నిందలాంటిది వినిపిస్తుంది. "వదినగారూ, మా చెల్లెలు ఆ నవల చదువుతానంటోంది, మీది అయిపోయిందా?" అనండి. చాలామంది ఎగ్గొట్టాలని ఉంచుకోరు. సగం చదివి ఆపేసి, చదవలేదని చెప్పడానికి సిగ్గుపడి దాచేస్తారు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది, అదీ నా బీరువాలో వేరేవాళ్ల పేర్లు రాసి ఉన్న పుస్తకాలు ఏడు దొరికాక. అందులో ఒకటి మా మేనత్తది. ఆవిడ ఎప్పుడూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు, పైగా నా పుస్తకాలు తిరిగి రావడం లేదని ఆవిడ దగ్గరే వాపోయాను.

ఇప్పుడు మాత్రం ఒక పాత డైరీలో ఎవరికి ఏది ఎప్పుడు ఇచ్చానో రాసుకుంటున్నా. రాసేది తీసుకునేవాళ్ల ఎదురుగానే. అదే మందు.

ప్రశ్న: మా నాన్నగారు వారపత్రికల్లోంచి సీరియల్స్ చింపి, కుట్టి, బైండ్ చేయించిన పుస్తకాలు ఇరవై దాకా ఉన్నాయి. ముట్టుకుంటే అంచులు పొడి రాలుతున్నాయి. పిల్లలు పారేయమంటున్నారు. ఏం చేయను?
- రిటైర్డ్ ఉద్యోగి, కరీంనగర్

జవాబు: పారేయకండి, దండం పెడతాను. వారపత్రికలకు వాడేది చవకరకం న్యూస్‌ప్రింట్. చెక్క గుజ్జుతో చేసిన ఆ కాగితంలో ఏళ్లు గడిచేకొద్దీ ఆమ్లం పెరిగి పసుపెక్కుతుంది, పెళుసు అవుతుంది. దాన్ని వెనక్కి తిప్పలేం, నెమ్మది చేయగలం అంతే. ఎండలో ఆరబెట్టకండి, కాగితం ఇంకా తొందరగా పాడవుతుంది. నీడలో, గాలి తగిలేచోట విప్పి ఉంచండి. చిరిగినచోట సెల్లోటేప్ వేయడం అన్నిటికంటే పెద్ద తప్పు, కొన్నాళ్లకు దాని జిగురు అక్షరాల మీదికి గోధుమరంగు మరకై దిగుతుంది. పాత బైండర్లు మైదా ఉడికించి జిగురు చేసి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపేవాళ్లు. అది కలపని బైండ్లనైతే వెండిపురుగులు పండగ చేసుకుంటాయి, ముందు ఆ అట్టల లోపల చూడండి.

ఫోన్‌తో పేజీలు ఫొటోలు తీయండి. ఒక్క ఆదివారం అయ్యే పని కాదు, రోజుకో పది పేజీలు. మీ తర్వాత ఇంట్లో ఎవరూ చూసుకోరనిపిస్తే గ్రంథాలయాలను అడగండి. హైదరాబాద్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది. ముందు ఫోన్ చేసి, వాళ్లకు కావాలంటేనే పంపండి, చెప్పకుండా మూటలు దించి రాకూడదు.

ఇంకో సంగతి, ఆ పేజీల వెనకవైపు కూడా చదవండి. మా అమ్మ కుట్టిన ఒక బైండులో సీరియల్ పేజీ వెనక అప్పటి ప్రశ్నలు-జవాబుల శీర్షిక సగం ఉంది. ఎవరో ఇల్లాలు ‘మా వంకాయ మొక్కలు పూత పూసి రాలిపోతున్నాయి, ఏం చేయాలి?’ అని అడిగింది. జవాబు పక్క పేజీలో ఉండి ఉంటుంది, అందులో సీరియల్ లేదు కాబట్టి అమ్మ చింపలేదు. నవల ఎలా ముగిసిందో మర్చిపోయాను గానీ, ఆ వంకాయల సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ప్రశ్న: దూరంగా ఉన్న స్నేహితురాలికి పుస్తకాలు పంపాలంటే కొరియర్ ఖర్చు పుస్తకం ధరను మించిపోతోంది. దారేదైనా ఉందా?
- మీ అభిమాని, నెల్లూరు

జవాబు: పోస్టాఫీసులో ‘జ్ఞాన్ పోస్ట్’ గురించి అడగండి. 2025 మే 1న మొదలైంది. మొదలైనప్పుడు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా అయితే 100 రూపాయలు, పన్ను అదనం. చదువుకు, సంస్కృతికి, మతానికి సంబంధించిన పుస్తకాల కోసం పెట్టారు కాబట్టి మీ పుస్తకం అందులోకి వస్తుందో లేదో కౌంటర్లో చూపించి అడగండి. నిదానంగా వెళ్తుంది, ఎక్కడిదాకా వెళ్లిందో మాత్రం చూసుకోవచ్చు.

ప్రశ్న: అందరికీ ఏదో ఒక హాబీ ఉంది. నాకేమీ లేదు. ఇది లోపమా?
- డిగ్రీ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: కాదు బాబూ, టెన్షన్ పడకు. ఈ ఆదివారం పొద్దున్నే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల దగ్గర ఓ గంట తిరిగి రా. కొనకపోయినా ఫర్వాలేదు, లోపలి పేజీల్లో ఎవరెవరు ఎవరికి ఏమని రాసి ఇచ్చారో చూడు. నచ్చిందా, వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తావు. నచ్చలేదా, పక్కనే ఎక్కడైనా ఇరానీ చాయ్ తాగి ఇంటికెళ్లు.