తంగేడు కాసియానా, సెన్నానా? ముందు చెవులు చూడండి

‘నర్సరీలో తంగేడని ఇచ్చిన మొక్కకి కాసియా అని చీటీ ఉంది, నెట్‌లో సెన్నా అంటున్నారు, మోసపోయానా?’ అని ఒకరు అడిగారు. పేరులో మోసం లేదు, చీటీ పాతది, అంతే. అనుమానించాల్సింది మొక్కని.

1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ తంగేడుని కాసియా ఆరిక్యులేటా అన్నాడు. మన సామర్లకోటలో తోట వేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ తన పుస్తకంలో దీన్ని సెన్నా అనే ప్రజాతిలోకి, అంటే దగ్గరి పోలికలున్న మరో మొక్కల గుంపులోకి, మార్చాడు. ఆ పుస్తకం ఆయన పోయాక, 1832లో అచ్చయింది. అయినా చాలామంది పాత పేరే వాడారు. 1982లో ఇర్విన్, బార్నబీ అనే శాస్త్రవేత్తలు కాసియాని మూడు ప్రజాతులుగా విడగొట్టాకే సెన్నా నిలబడింది. రేల మాత్రం కాసియాలోనే ఉంది. దాని పువ్వులో మూడు కేసరాల కాడలు పొడుగ్గా, కొక్కెంలా వంగి ఉంటాయి. తంగేడులో ఆ వంపు లేదు.

ఆరిక్యులేటా అంటే చెవులున్నది. లేత రెమ్మ పట్టుకుని, ఆకుకాడ రెమ్మకి అతుక్కునే చోట చూడండి. అటూ ఇటూ చెవి తమ్మెల్లా గుండ్రటి పచ్చ రేకులు, ఒక్కోదానికి వెంట్రుకలాంటి మొన. పాఠ్యపుస్తకాల పత్రపుచ్ఛాలు ఇవే. తర్వాత ఆకు ఈనె పైవైపు చూడండి. ఎదురెదురు చిట్టాకుల మధ్య నిక్కి నిలబడ్డ సన్నటి గ్రంథి ఉంటుంది, ప్రతి జత దగ్గరా. రోడ్డు డివైడర్లలో పెంచే గ్లాకా రకంలో, అంటే సెన్నా సురాటెన్సిస్‌లో, ఆ గ్రంథులు కింది రెండు మూడు జతలకే ఉంటాయి. చెవుల్లాంటి రేకులు ఉండవు, వాటి చోట దారప్పోగుల్లాంటి సన్నటి పత్రపుచ్ఛాలే ఉంటాయి. పూలు పసుప్పచ్చగా ఉన్నాయని దాన్నే తంగేడుగా అంటగడతారు. తంగేడు పేరుకి తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మకి మాత్రం కట్టలు కట్టలు కొనుక్కుంటాం, ఇంటి ముందు ఒక్క మొక్క ఉండదు!

అసలు మొక్కే కావాలంటే గింజ నాటండి. పల్చటి ఎండు కాయల్లోంచి గింజలు తీసి, మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా వదిలేయండి. ఉబ్బినవే నాటాలి. ఉబ్బనివాటి పెంకు గరుకు కాగితం మీద కాస్త అరగదీసి మళ్లీ నానబెట్టండి. రెండు వంతుల ఎర్రమట్టి, ఒక వంతు ఇసుక, సెంటీమీటరు లోతు చాలు. తల్లివేరు లోతుకి పోతుంది కాబట్టి పొడుగు కవరు వాడి, రెండు మూడు నెలల్లో నేలలో పెట్టేయాలి. ఆలస్యమైతే వేరు కవర్లోనే చుట్టలు చుట్టుకుని మొక్క గిడసబారుతుంది.

ఎక్కువ మొక్కలు చచ్చేది రోజూ నీళ్లు పోయడం వల్లే, మొదలు కుళ్లిపోతుంది. నీడలో పెడితే పూత రాదు. ఆకుల మీద పచ్చ గొంగళి పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి, అవి లేత రంగు సీతాకోకల పిల్లలు. తిన్న ఆకు మళ్లీ చిగురిస్తుంది.