చిన్న నగరంలో వీధులు అందరికీ పనికిరావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నిధులు తక్కువున్న చిన్న నగరంలో పిల్లలు, ముసలివాళ్లు, వికలాంగులు అందరూ తిరగగలిగేలా వీధులు మార్చాలంటే ముందు ఏం చేయాలని అడిగారు. నా మటుకు నేను చెప్పేది ఒకటే. కాగితం మీద గీత గీయకముందే ఆ దారిన పోయేవాళ్లను వెంటబెట్టుకుని నడవండి. నేను ఆ పని ఆలస్యంగా చేశాను.

ఒక వీధి బాగుచేసే బృందంలో నేనూ ఉన్నాను. మా అమ్మ వీల్‌చైర్‌లో తిరిగేది, అందుకని నా ధ్యాసంతా ర్యాంపుల మీదే. వాలు 1:12 దాటకూడదు, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మలుపు దగ్గర ఫుట్‌పాత్‌ను రోడ్డుకు సమానంగా దించేశాం. అమ్మ చక్రం ఎక్కడా తట్టుకోలేదు. పని బాగా కుదిరిందనుకున్నాను.

తర్వాత చూపులేని ఒకాయన మాతో నడిచారు. తెల్లకర్ర ఆనించుకుంటూ మలుపు దాకా వచ్చి, ఆగకుండా నేరుగా రోడ్డు మీదికి వెళ్లిపోయారు. చేయి పట్టి వెనక్కి లాగాను. "అంచు ఏదండీ? కర్రకు అంచు తగిలితేనే కదా రోడ్డొచ్చిందని నాకు తెలిసేది!" అన్నారు. అమ్మకు అడ్డుపడే గట్టే ఆయనకు ఆసరా అని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు. గట్టు మళ్లీ కట్టలేదు, ర్యాంపు అంచున బొడిపెల టైల్స్ వేయించాం. చక్రం వాటి మీదుగా దొర్లిపోతుంది, పాదానికీ కర్రకూ మాత్రం తెలిసిపోతుంది. ఈ టైల్స్‌ను 1965లో జపాన్‌లో సెయిచి మియాకే రూపొందించారు. 1967లో ఒకయామాలో అంధుల బడి దగ్గర మొదటిసారి వేశారు. బొడిపెలుంటే ఆగమని, పొడవాటి గీతలుంటే అటు నడవమని అర్థం. ఆ గీతలు కరెంటు స్తంభానికి ఎదురుగా వెళ్లి ఆగిపోయిన చోట్లు నేను చూశాను. అలా వేసేకంటే వేయకపోవడమే మేలు.

సిగ్నళ్ల దగ్గర కూడా లెక్క వేసుకోండి. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని పెట్టుకుంటే 12 మీటర్ల రోడ్డుకు 10 సెకన్లు చాలు. సెకనుకు 0.8 మీటర్లే నడవగలిగే పెద్దావిడకు 15 కావాలి. సమయం మార్చడానికి తవ్వకాలేమీ అక్కర్లేదు. బెంచీలకు చేతులుండాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వాటిని పట్టుకునే లేస్తారు.

చిన్న నగరం కావడం మీకు కలిసొచ్చే విషయమే. స్పెయిన్‌లోని పోంటెవెద్రా జనాభా సుమారు 80 వేలు. 1999 నుంచి నగరం నడిబొడ్డున కార్లు తగ్గించి, నడిచేవాళ్లకు చోటిచ్చారు. నెదర్లాండ్స్‌లోని బ్రెడాలో పాత వీధుల్లోని ఎగుడుదిగుడు రాళ్లను పెకలించి, కోసి, నున్నటి వైపు పైకి వచ్చేలా మళ్లీ పరిచారు. అందరూ తిరగగలిగే నగరాలకు యూరోపియన్ యూనియన్ ఇచ్చే యాక్సెస్ సిటీ అవార్డు 2019 సంవత్సరానికి ఆ ఊరికే వచ్చింది.

కాబట్టి నగరమంతా ఒక్కసారిగా మొదలుపెట్టకండి. బస్టాండ్ నుంచి ఆసుపత్రి దాకా ఒక్క దారి ఎంచుకోండి. మధ్యలో ఒక్క డ్రైన్ మూత లేకపోయినా వీల్‌చైర్‌కు ఆ దారి మొత్తం మూసుకుపోయినట్టే, అందుకే అరకొరగా పది దారులకన్నా పూర్తిగా ఒకటి నయం. వీల్‌చైర్‌లో ఒకరు, తెల్లకర్రతో ఒకరు, చంటిబిడ్డతో ఒక తల్లి, ఒక పెద్దాయన కలిసి నడవాలి. ఎవరు ఎక్కడ ఆగినా అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. చీకటి పడ్డాక ఆడవాళ్లతో అదే దారిలో ఇంకోసారి నడవండి, పగలు కనబడని గుర్తులు అప్పుడు పడతాయి.