గ్రాములో గ్రామం లేదు

సందేహం: టెలిగ్రామ్, ప్రోగ్రామ్, డయాగ్రామ్, కిలోగ్రామ్, గ్రామర్, గ్రామోఫోన్ – ఈ ఇంగ్లిషు మాటలన్నిటిలో జీ, ఆర్, ఏ, ఎమ్ అనే నాలుగు అక్షరాలు వరసగా వస్తాయి. అది మన సంస్కృత ‘గ్రామ’ శబ్దమేననీ, గ్రామమంటే సమూహం కాబట్టి ప్రోగ్రామ్ అంటే పనుల సమూహమనీ ఒకరు వివరించారు. నిజమేనా? తెలుగులో ప్రోగ్రాం, ప్రోగ్రామ్, ప్రోగ్రాము – వీటిలో ఏది రాయాలి? ‘ప్రోగ్రామాలు’ అన్న బహువచనం కూడా ఒకచోట చూశాను.

సమాధానం: మీకు చెప్పినవారి మాటలో సగం నిజం ఉంది. సంస్కృతంలో గ్రామ శబ్దానికి సమూహమనే అర్థం ఉన్నమాట వాస్తవమే. ఇంద్రియగ్రామం అంటే ఇంద్రియాల సమూహం, గుణగ్రామం అంటే గుణాల సమూహం. సంగీతశాస్త్రంలో షడ్జగ్రామం, మధ్యమగ్రామం అన్నవి స్వరాల కూర్పులు. సంగ్రామంలో ఉన్నదీ ఆ గ్రామమే. రెండు మూకలు ఒకదానికొకటి ఎదురుపడితే సంగ్రామం. కానీ ఈ గ్రామానికీ టెలిగ్రామ్‌కూ చుట్టరికం లేదు.

టెలిగ్రామ్‌లోని మాట గ్రీకుది. గ్రీకులో ‘గ్రాఫైన్’ అనే క్రియకు మొదట గీకడం అని అర్థం, తరవాత రాయడం అయింది. మొనదేలిన పుల్లతోనో ఉలితోనో గీకితే తప్ప అక్షరం పడని కాలం అది. మన ‘లిఖ్’ ధాతువుకూ తొలి అర్థం గీకడమే. లేఖ, లేఖిని అందులోంచే వచ్చాయి. ఇంగ్లిషు ‘రైట్’ కూడా పుట్టుకలో గీకడమే. మూడు భాషలు మూడు వేరు వేరు ధాతువులతో బయలుదేరి ఒకే చోటికి చేరాయి. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఆ గ్రాఫ్‌కు ‘మ’ ప్రత్యయం చేరితే ముందున్న ఫకారం మకారమై ‘గ్రమ్మ’ ఏర్పడింది. జగత్తుకు మాత చేరి జగన్మాత అయినట్టే, పక్కనున్న మకారం ముందు హల్లును తనవైపు లాక్కుంది. గ్రమ్మ అంటే రాసినది, అక్షరం. టెలిగ్రామ్ దూరాన్నుంచి వచ్చిన రాత. ప్రోగ్రామ్ నలుగురికీ తెలిసేలా ముందుగా రాసిపెట్టిన ప్రకటన. డయాగ్రామ్ గీసి చూపినది. గ్రామర్ అక్షరాల విద్య. గ్రాఫ్ చాలాచోట్ల రాసే సాధనాన్ని చెబితే, గ్రామ్ అది రాసినదాన్ని చెబుతుంది. భూకంపాన్ని నమోదుచేసే యంత్రం సీస్మోగ్రాఫ్, అది కాగితం మీద గీసిన గీత సీస్మోగ్రామ్. ఫోటోగ్రాఫ్, ఆటోగ్రాఫ్ మాత్రం ఈ కట్టుబాటుకు లొంగవు. గ్రామోఫోన్ సంగతి ఇంకా చిత్రం. 1877లో ఎడిసన్ చేసిన యంత్రం ఫోనోగ్రాఫ్. పదేళ్ల తరవాత ఎమిల్ బెర్లినర్ అనే మరో ఆవిష్కర్త తన యంత్రానికి పేరు పెట్టుకోవలసి వచ్చినప్పుడు ఫోనోగ్రామ్ అన్నమాటను తిరగేసినట్టు గ్రామోఫోన్ అన్నారు.

తూకం గ్రాము కూడా ఈ ఇంటిదే. గ్రమ్మ అనే మాట ఒక చిన్న తూకానికి, అంటే ఔన్సులో 24వ వంతుకు, పేరుగా నిలిచింది. 1795లో ఫ్రాన్సు కొత్త కొలతలు పెట్టినప్పుడు ఆ పాత పేరునే తీసుకుంది.

ఇక ఎవరూ ఊహించని బంధువు గ్లామర్. చదువురాని జనానికి గ్రామర్ చదివినవాడు మంత్రగాడిలా కనిపించేవాడు. స్కాట్లండ్‌లో ఆ మాటే రకారం లకారమై, మాయ, కనికట్టు అనే అర్థంతో గ్లామర్ అయింది. అక్కణ్ణుంచి నేటి ఆకర్షణ దాకా వచ్చింది. వ్యాకరణం బోధించేవాడిగా నాకు ఇంతకంటే ఇష్టమైన వ్యుత్పత్తి లేదు.

అయితే నాలుగు అక్షరాలూ కనిపించిన ప్రతిచోటా గ్రీకు మాటే ఉందనుకోవద్దు. శనగలను బెంగాల్ గ్రామ్ అనీ, పెసలను గ్రీన్ గ్రామ్ అనీ ఇంగ్లిషులో అంటారు. ఈ గ్రామ్ పోర్చుగీసు వాళ్ల ద్వారా వచ్చింది. మూలం గింజ అనే అర్థమున్న లాటిన్ ‘గ్రానుమ్’. ఇంగ్లిషు గ్రెయిన్ దీని తోబుట్టువు. వరి, గోధుమల కుటుంబానికి వృక్షశాస్త్రంలో ఉన్న పాత పేరు గ్రామినే లాటిన్‌లో గడ్డి అనే మాటనుంచి పుట్టింది. అక్షరాలు ఒకటే, వేళ్లు మూడు. మన గ్రామంతో కలిపితే నాలుగు.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ‘గ్రామము’లో సంస్కృత ప్రాతిపదిక ‘గ్రామ’. చివరి ‘ము’ తెలుగు చేర్చిన ప్రత్యయం. అది సున్న అయితే గ్రామం. అందుకే గ్రామానికి, గ్రామాలు అంటాం. ప్రోగ్రాములో మకారం ప్రత్యయం కాదు, మాటలోదే. మాటలు అచ్చుతో ముగిసే అజంత భాష కాబట్టి తెలుగు దానికి ఒక ఉకారం ఊతమిచ్చింది, అంతే. రూపంలో ఇది గ్రామం జట్టు కాదు, పాము, జాము జట్టు. పాములు, జాములు అన్నట్టే గ్రాములు, టెలిగ్రాములు, ప్రోగ్రాములు. పదిమంది నోట ‘ప్రోగ్రానికి వెళ్లాను’ అన్నమాట మీరు ఎప్పుడూ విని ఉండరు. ‘ప్రోగ్రాముకు’, ‘ప్రోగ్రాంకి’ అనే అంటారు. వ్యాకరణం చదవకపోయినా చెవికి తేడా తెలుసు. ‘ప్రోగ్రామాలు’ అని రాసినవారు మాత్రం గ్రామం అనే పోలికకు మోసపోయారు. అది తప్పు.

‘మరి ఫారం ఇంగ్లిషు మాటే కదా, దరఖాస్తు ఫారాలు అంటున్నాం కదా’ అని మీరు అడగవచ్చు. అక్కడ సున్నకు ముందున్న అచ్చు హ్రస్వం. పుస్తకం, పుస్తకాలు అన్న మూసలో ఆ మాట ఇట్టే ఒదిగిపోయింది. ప్రోగ్రాంలో ఆ అచ్చు దీర్ఘం కాబట్టి ఒదగలేదు.

విడిగా రాసేటప్పుడు ప్రోగ్రాం అన్నా, ప్రోగ్రామ్ అన్నా నాకు అభ్యంతరం లేదు, పలుకుబడి ఒకటే. విభక్తులూ బహువచనమూ చేరేచోట ప్రోగ్రాముకు, ప్రోగ్రాములో, ప్రోగ్రాములు అని రాయమంటాను.